దొంగ చలిమిడి

చలిమిడి అంటే నాకు ఇప్పటికీ కోపమే. రుచి మీద కాదు, దాని చుట్టూ అల్లుకున్న మాటల మీద.

మావాళ్ళలో ఆడపిల్లకు మూడో నెల రాగానే, కబురు నలుగురికీ పొక్కకముందే, తల్లి చలిమిడి చేసి కొంగు చాటున పట్టుకెళ్ళి తలుపు వెనక కూతురికి తినిపించి వస్తుంది. కడుపు చల్లగా ఉండాలని. దాన్ని దొంగ చలిమిడి అంటారు. దొంగతనమంతా పేరుకే. వియ్యపురాలు చూసీ చూడనట్టు పెరట్లోకి వెళ్ళిపోతుంది, మామగారు పేపర్లో తల దూరుస్తాడు. నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి యాకుత్‌పురా స్టేషను వెనక అద్దెకు దిగినప్పుడు, అమ్మ రోలూ రోకలితోపాటు ఈ ఆచారాన్నీ రైలెక్కించి తెచ్చింది.

తడిబియ్యం పిండి, బెల్లం, నెయ్యి, కొబ్బరి ముక్కలు, గసగసాలు. చెప్పుకుంటే ఇంతే. కష్టమంతా పాకం దగ్గరే. నీళ్ళలో వేసిన చుక్క వేళ్ళ మధ్య మెత్తటి ఉండ కావాలి. కాస్త ముదిరిందా, పళ్ళూడతాయి. అమ్మ పాకం ఎన్నడూ ముదరలేదు.

అక్కను ఫలక్‌నుమాలో, మావైపు నుంచి వచ్చినవాళ్ళకే ఇచ్చారు. అమ్మ రెండుసార్లు ఆ ఇంటికి దొంగ చలిమిడి పట్టుకెళ్ళింది. రెండుసార్లూ అక్క కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు అక్క అత్తగారే మా ఇంటికి వచ్చింది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఎంతో మర్యాదగా అంది: "వదినగారూ, ఏమీ అనుకోకండి. రెండుసార్లూ మీ చేతి చలిమిడే. అచ్చిరాలేదు. ఈసారి ఇంటినిండా పిల్లలున్న తల్లి ఎవరిచేతనైనా చేయించండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు కాలేజీలో చదువుతున్నాను, నోరు కూడా పెద్దదే. నేను ఏదో అనబోతే అమ్మ కళ్ళతోనే ఆపేసింది. ఆవిడకు బొట్టు పెట్టి, పత్తర్‌గట్టిలో నాకోసం కొన్న రవికె గుడ్డ చేతిలో పెట్టి సాగనంపింది. అదింకో మంట.

పక్క వాటాలో ఉండే ఆవిడకు నలుగురు పిల్లలు, నలుగురూ దుక్కల్లా ఉండేవాళ్ళు. భర్త లేత్ షెడ్డులో పనిచేసేవాడు. అమ్మ వెళ్ళి అడిగితే ఆవిడ బెదిరిపోయింది. "నాకు గీ పాకాలు రావు వదినా. సకినాలంటే చేస్త, గరిజెలంటే చేస్త. బంగారమసోంటి చేతులు వెట్టుకొని నాతోని చేపిస్తవేంది?"

అయినా వచ్చింది. ఆవిడ పొయ్యి ముందు, అమ్మ గోడవార. అమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నోటితోనే చెబుతూ కూర్చుంది. బెల్లం నురగ కట్టింది. రంగు మారింది. "దించెయ్యి, దించెయ్యి" అంటూ అమ్మ చెయ్యి గరిటె మీదికి పోయింది, గిన్నెదాకా పోయి మళ్ళీ కొంగులోకి వెళ్ళిపోయింది. ఆ కాసేపట్లో పాకం ముదిరింది.

"ఆమె గట్లంటే నువ్వు నమ్ముడేనా వదినా?" అని పక్కింటావిడ బాధగా అడిగింది.

"నమ్మలేదమ్మా. భయపడుతున్నాను" అంది అమ్మ.

అనుమానం పెనుభూతం అని మాకు చెప్పిందే అమ్మ. ఆ పూట నాకు అమ్మను పట్టుకుని ఊపెయ్యాలనిపించింది.

ఫలక్‌నుమాలో తలుపు వెనక అక్క ఒక ముక్క కొరికింది. నమలలేక ఆగింది. "ఇది నీ చెయ్యి కాదు" అంది. "నువ్వు కూడానా అమ్మా?" అని అక్క ఏడ్చింది. ఏడుస్తూనే మొత్తం తినేసింది. తిననని అనే ధైర్యం తనకూ లేదు.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. నిక్షేపంలాంటి పిల్ల. మేమందరం ఎంత సంతోషించామో చెప్పలేను. కానీ ఆ సంతోషంలోనే అమ్మ మీద తీర్పు ఖాయమైపోయింది. పక్కింటావిడది మంచి హస్తవాసి అని అక్క అత్తగారు ఊరంతా చెప్పింది. బస్తీలో ఉన్న మావైపు వాళ్ళంతా ఆవిడతోనే చేయించుకోవడం మొదలుపెట్టారు. అమ్మ అరిసెలు చేసేది, గవ్వలు చేసేది. చలిమిడి మాత్రం ముట్టేది కాదు. బిడ్డ దక్కకపోతే మూఢనమ్మకమని కొట్టిపారెయ్యొచ్చు. దక్కాక ఎవరితో వాదిస్తాం?

కొన్నేళ్ళకు నా వంతు వచ్చింది. అమ్మ స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. మూత తియ్యకముందే అడిగాను, ఎవరు చేశారని. అమ్మ కిటికీ వైపు చూసింది.

"నేను తినను. నీ చేత్తో చేసి తీసుకురా. ఏమవుతుందో నేను చూసుకుంటాను."

అమ్మ డబ్బా నా పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది: "నా చెయ్యి మంచిదో కాదో తేల్చుకోవాలని నాకు మాత్రం ఉండదటే? తేల్చుకోవాలంటే నిన్ను పందెం పెట్టాలి. నావల్ల కాదు."

నేను మూత తీశాను. పక్కింటావిడకు ఈ ఏళ్ళలో పాకం పట్టుబడిపోయింది. ముద్ద మెత్తగా, అచ్చం అమ్మ చేసినట్టే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ నా వీపు నిమురుతూ, బాగుందా అని అడిగింది. బాగుందన్నాను.