పప్పు ఉడికే నీళ్లు

నరసాపురంలో జగన్నాథరావు గారి పొగపడవలో సుబ్బాయమ్మ తొమ్మిదేళ్లపాటు కాలు పెట్టలేదు. కాని దాని బాయిలరులోకి ఏ నీళ్లు వెళ్లాలో చెప్పింది మాత్రం ఆవిడే.

ఆవిడ పెనిమిటి బుల్లియ్య దోనీ, వలా అమ్మేసి ఆ పడవలో బాయిలరు దగ్గర పనికి కుదిరాడు. కాలవ మీద రాజమహేంద్రవరం దాకా వెళ్లి తిరిగొచ్చేవాడు. మొదటి ఏడాదే ఒకరోజు బాయిలరు గొట్టాల్లోంచి గీకిన తెల్లటి పెచ్చులు గుడ్డలో కట్టుకొచ్చి, "ఇదేంటో చెప్పుకో" అన్నాడు. సుబ్బాయమ్మ ఒక పెచ్చును గోటితో గీకి చూసింది. లేచి వెళ్లి నీళ్లు కాచే కాగు తెచ్చి దాని లోపలి వైపు చూపించింది. అక్కడా అదే గార.

"ఎక్కడి నీళ్లు పోశావు మావా?"

"రేవు పక్క బావిలోవి. దగ్గర కదాని."

"ఆ నీళ్లతో పొద్దున్న ఎసట్లో వేసిన పప్పు మధ్యాహ్నానికీ బద్దలాగే ఉంటుంది. నీ బాయిలరు మాత్రం ఏం చేస్తుంది పాపం?"

"బాయిలర్లో పప్పు వండుతామంటే?"

"నవ్వు, నవ్వు. గీకేది నువ్వే."

ఆ మాట బుల్లియ్యకు ఎక్కింది. అప్పట్నుంచి పడవ ఆగిన ప్రతిచోటి నుంచీ ముంతతో నీళ్లు తెచ్చేవాడు. సుబ్బాయమ్మ ముందు ఒక చుక్క నాలిక మీద వేసుకుని ఉప్పు చూసేది. తర్వాత ఆ నీళ్లలో గుప్పెడు కందిపప్పు వేసి పొయ్యి మీద పెట్టేది. రెండు తాటిమట్టలు కాలేలోగా మెత్తబడితే మంచి నీళ్లు, లేకపోతే కాదు. కాలవ నీళ్లు ఎప్పుడూ నెగ్గేవి. వరద రోజుల్లో ఎర్రనీళ్లు వస్తే చిల్లగింజ అరగదీసి కలిపి, తేరుకున్నాకే పొయ్యమనేది.

ఈ సంగతి తెలిసి, మండపేట మిల్లులో పనిచేసే అప్పాజీ ఒకసారి తమ మిల్లు బాయిలర్లో పోసే బావి నీళ్లు కూడా పంపాడు. పప్పు సగమే ఉడికింది.

"ఆ మిల్లు బాయిలర్లోకి మనిషి దూరి గీకొచ్చా?" అని బుల్లియ్యను అడిగింది సుబ్బాయమ్మ.

"దూరొచ్చు. ఏనుగంత ఉంటుంది."

"అయితే ఆ నీళ్లే పోసుకోమను. నెలకోసారి గీకించుకుంటాడు. నీ పడవ గొట్టాల్లో నా చెయ్యి కూడా పట్టదంటున్నావు, దానికి మాత్రం కాలవ నీళ్లే."

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో ఒక వేసవి కాలవకు నీళ్లు కట్టేశారు. జగన్నాథరావు గారు పొగపడవను నరసాపురం రేవు నుంచి అవతలి ఒడ్డుకు జనాన్ని దాటించే పనిలో పెట్టారు. ఇక బాయిలరుకు ఏటి నీళ్లే దిక్కు. అక్కడికి సముద్రపు పోటు వస్తుంది. పోటు తగ్గి పాటు మొదలయ్యాక సుబ్బాయమ్మ మోకాలిలోతు నీళ్లలో దిగి ముంత ముంచింది. ఉప్పు లేదు. పప్పు వెన్నలా ఉడికింది.

"పాటులో పట్టుకో మావా, ఫరవాలేదు" అంది.

నాలుగో రోజు ఏటి మధ్యలో బాయిలరు గంజి పొంగినట్టు పొంగింది. ఆ నీళ్లు యంత్రంలోకి వెళ్లి పెద్ద చప్పుడుతో అది ఆగిపోయింది. పాతికమంది జనంతో పడవ కొట్టుకుపోయి ఒక ఇసకతిప్పకు తట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రానికి దాన్ని రేవుకు లాక్కొచ్చారు. జగన్నాథరావు గారు వచ్చి బాయిలరు నీళ్లు వేలితో తాకి నాలిక మీద పెట్టుకున్నారు.

"ఉప్పు కషాయం! పోటులో పట్టావు కదరా?"

"పాటులోనే పట్టానండి."

"పైగా అబద్ధం! రేపట్నుంచి రానక్కర్లేదు."

బుల్లియ్య ఇంటికొచ్చి జరిగింది చెప్పి అన్నం ముట్టకుండా కూచున్నాడు. తిరిగి వేటకు వెళ్దామంటే దోనీ లేదు, వల లేదు.

మర్నాడు పాటు వేళకు సుబ్బాయమ్మ అతన్ని వెంటబెట్టుకుని రేవుకు వెళ్లింది. నీళ్లు రుచి చూసింది. తియ్యగానే ఉన్నాయి.

"నీళ్లు లాగే గొట్టం ఎక్కడుంది?"

చూపించడానికి ఆవిడను పడవలోకి ఎక్కించాడు. గొట్టం మూతి పడవ పొట్ట కింద, రెండు మూరల లోతున ఉంది. సుబ్బాయమ్మ అంచు పట్టుకుని వంగి చాలాసేపు కిందికి చూసింది.

"వల దించేటప్పుడు మీ అయ్య అడుగునీళ్ల గురించి ఏదో అనేవాడు కదా?"

"వేసంకాలంలో పైన తీపి తేలుతుంది, కింద ఉప్పు పారుతుంది అనేవాడు."

"మరి నాతో అనలేదేం?"

"నీ పప్పు ఉడికింది కదా అనుకున్నాను" అన్నాడు బుల్లియ్య.

సుబ్బాయమ్మ ఇంటికెళ్లి ముంత, చెంబు, తాళ్లు తెచ్చింది. సన్నమూతి చెంబుకు కొబ్బరిపీచు బిరడా పెట్టి, బిరడాకొక తాడూ చెంబుకొక తాడూ కట్టింది. చెంబుకు రాయి కూడా కట్టి రెండు మూరల లోతుకు దించి, అక్కడ బిరడా లాగేసింది. చెంబు పైకి తీసి, పైనీళ్లు వేరే ముంతలో ముంచి, రెండూ పట్టుకుని జగన్నాథరావు గారి అరుగు దగ్గరకు వెళ్లింది.

"రెండూ ఒకచోట, ఒక్కసారే పట్టినవండి. చూడండి."

ఆయన ముంతలోవి చప్పరించి తలాడించారు. చెంబులోవి నోట్లో పోసుకుని ఉమ్మేశారు.

"ఈయన అబద్ధం ఆడలేదండి. తప్పు నాది. పైపైన ముంచి చూసి మంచివన్నాను."

"బాయిలరు నీళ్లు నువ్వు చూడ్డమేంటమ్మా?"

"తొమ్మిదేళ్లుగా నేనేనండి."

జగన్నాథరావు గారు బుల్లియ్య వైపు చూశారు. అతను అరుగు రాళ్లు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాడు.

"వానలొచ్చేదాకా ఆ గొట్టం మూసెయ్యరా. పైనీళ్లు కడవలతో ముంచి పొయ్యాలి" అని ఆయన లోపలికి వెళ్లబోతూ ఆగారు. "బుల్లియ్యా, పొద్దున్నే రా."

ఆ తర్వాత బుల్లియ్య మరో ఆరేళ్లు ఆ పడవలోనే చేసి, ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. సుబ్బాయమ్మ చాలా ఏళ్లు బతికింది. ఏటి రేవులో ఆవిడ కడవను పైపైన ముంచడం ఎవరూ చూడలేదు. మోచేయి దాకా లోపలికి తోసి, అడుగునీళ్లు పట్టి, చుక్క నాలిక మీద వేసుకుని, ఉప్పు లేదనుకున్నాకే ఎత్తుకునేది.

"ఏం సుబ్బాయమ్మక్కా, ఇంకా ఏ పడవకి?" అని ఆటపట్టించేది పక్కింటి లోవలక్ష్మి.

"ఇంట్లో పప్పుందిగా" అని కడవ చంకనెత్తుకునేది.