లంక జీపులో రెండో గేరు పెట్టె

నా జీపుకి మూడు గేరు రాడ్లు ఉన్నాయి. ఒకటి అన్ని బళ్లకీ ఉండేదే. మిగిలిన రెండూ ట్రాన్స్‌ఫర్ కేసులవి. ఇంజను బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే పెట్టెని మేస్త్రీలు అలా అంటారు. మామూలు జీపులో అది ఒకటే ఉంటుంది. ఇందులో ఒకదాని వెనక ఒకటి రెండు బిగించి ఉన్నాయి. నాకు అమ్మినవాళ్లు సముద్రపొడ్డున ఇసకలోంచి పడవలు పైకి లాగడానికి అలా చేయించుకున్నారు. రెండు పెట్టెల్నీ 'లో'లో, అంటే తక్కువ వేగం గేరులో వేస్తే బండి మనిషి నడక కన్నా నెమ్మదిగా పోతుంది. కానీ ఎంత బరువున్నా ఆగదు.

నాకు కావలసింది అదే. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయకి అవతల, ఏటి మధ్య లంకలో నాకు ఎకరన్నర ఉంది. లెక్కల టీచరుగా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నాను. వానల్లేని నెలల్లో పాయ ఎండి ఇసక తేలుతుంది. అరటిగెలలు వేసుకుని ఆ ఇసక దాటి, ఇవతలి రేవు ఏటవాలు ఎక్కాలి. రెండో పెట్టె 'లో'లో పడకపోతే బండి ఎక్కదు. బండి ఎక్కకపోతే నాకు వ్యవసాయం లేదు.

ఫిబ్రవరి మొదటి సోమవారం ఏటవాలు సగంలో ఉండగా రెండో రాడ్డు మొరాయించింది. గరగరమని చప్పుడు చేసిందే కానీ 'లో'లోకి వెళ్లలేదు. సగం గెలలు ఇసకలో దింపించి, మొదటి పెట్టెతోనే ఎలాగో పైకి తెచ్చుకున్నాను.

ఆ సాయంత్రం తమ్ముడికి చెప్పాను. మా అమ్మ పోయేనాటికి వాడు అయిదో తరగతి. తర్వాత పెంచిందీ, చదివించిందీ నేనే. వాడి ఇల్లు రేవుకి దగ్గర కాబట్టి జీపు వాళ్ల షెడ్డులోనే పెట్టేదాన్ని.

"పాతబండి కదక్కా," అన్నాడు.

పాతదైనా కారణం ఉంటుంది. ఒకసారికి ఒకటే మార్చి చూడాలని ముప్ఫయ్యేళ్లు పిల్లలకి చెప్పినదాన్ని. ముందు మొదటి పెట్టె ఆయిలు మార్చి చూశాను. తర్వాత రెండోదాని ఆయిలు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూశాను, వేడెక్కాక చూశాను. ఖాళీ బండితో, బరువుతో చూశాను. చూసిన ప్రతిసారీ సాయంత్రం తమ్ముడి ఇంటి మెట్ల మీద నిలబడి, జిడ్డు చేతులతోనే, ఇది కాదని తేలింది, అది కాదని తేలింది అని చెప్పేదాన్ని. వాడు "ఆయ్, ఆయ్" అంటూ వినేవాడు. ఒకరోజు "మరి టైర్లు చూశావా అక్కా?" అని కూడా అడిగాడు. నాలుగు చక్రాల చుట్టుకొలతలు సమానంగా లేకపోతే పెట్టె బిగుసుకుంటుందన్న మాట నిజమే. మర్నాడు టేపు పెట్టి నాలుగూ కొలిచాను. తేడా లేదు.

జీపు కడిగి షెడ్డులో పెట్టే మనిషి చాలా ఏళ్లుగా తమ్ముడి దగ్గరే జీతానికి ఉన్నాడు. నేను బండి కింద దూరితే టార్చిలైటు పట్టుకునేది అతనే. "బండికి అలుపొచ్చింది గానీ మీకు రాలేదండి, పంతులమ్మగారూ," అనేవాడు.

చివరికి కొత్తపేటలో ఒక మేస్త్రికి అప్పగించాను. పెట్టె విప్పాలని చెప్పి వారం పైన ఉంచుకున్నాడు. లోపల పళ్లన్నీ బాగానే ఉన్నాయని చెప్పి తిరిగిచ్చాడు. "మీరు పంతులమ్మగారు అవబట్టి బతికిపోయామండి. మెకానిక్కయ్యుంటే మా షాపులు మూసుకోవలసిందండి," అన్నాడు. పొగడ్త కదా, సంతోషించాను. రెండు రోజులు బండి రేవు చక్కగా ఎక్కింది. మూడోరోజు మళ్లీ అదే కథ.

అప్పుడు మొదటే చేయవలసిన పని చేశాను. చేతి రాడ్డుకీ పెట్టెకీ మధ్య ఒక ఇనప కడ్డీ ఉంటుంది. దాని పిన్ను తీసేసి, కింద పడుకుని, పెట్టెకున్న చిన్న లీవరుని స్పానరుతో నేరుగా నెట్టాను. టక్కున 'లో'లో పడింది. వెనక్కి నెడితే అంతే సులువుగా వచ్చింది. అంటే పెట్టెలో ఏ లోపమూ లేదు. లోపం మధ్య కడ్డీలో ఉంది. కడ్డీ చివర మరలుంటాయి. తిప్పి పొడుగు చేయవచ్చు, పొట్టి చేయవచ్చు. కదలకుండా ఒక నట్టు బిగిస్తారు. అది రెండు నూళ్లు, అంటే పావు అంగుళం పొట్టిగా ఉంది. అందువల్ల పెట్టె 'లో'లో పూర్తిగా పడకముందే పైన రాడ్డు ఫ్లోరు అంచుకి కొట్టుకుని ఆగిపోతోంది. సరిచేసి నట్టు బిగించాను. నాలుగు ట్రిప్పులు హాయిగా తిరిగాను.

మరుసటి వారం కడ్డీ మళ్లీ పొట్టిదైంది. నట్టు మాత్రం గట్టిగా బిగిసే ఉంది.

అదురుకి నట్టు వదులవుతుంది. నట్టు బిగుసుకునే ఉండి కడ్డీ తనంతట తానే పొట్టిదవడం ఏ లెక్కకీ అందదు. అయినా మనిషి మీదకి నా అనుమానం పోలేదు. నేనే కొలవడంలో తప్పానేమో అనుకున్నాను. ఆ తప్పు పట్టుకోవడానికే సరిచేసిన తర్వాత నట్టు మీంచి కడ్డీ మీదకి తెల్లరంగుతో ఒక గీత గీశాను. మూడు రోజులకి గీత రెండు ముక్కలై, ఒక ముక్క అటు తిరిగి ఉంది.

బకెట్టు దగ్గర గుడ్డ పిండుతున్న ఆ మనిషిని పిలిచి, కింద పడుకుని చూడమన్నాను. అతను వంగలేదు.

"చూడక్కర్లేదండి. నేనే తిప్పేనండి. అయ్యగారు తిప్పమన్నారండి."

ఎప్పటినుంచని అడిగాను. మొదటినుంచీనన్నాడు.

తమ్ముడు వసారాలో కాఫీ తాగుతున్నాడు. కడ్డీ తిప్పించింది నువ్వా అని అడిగితే కాదనలేదు.

"ఆ రేవులో బండి తిరగబడితే ఎవరు దిక్కక్కా? మానెయ్యమంటే మానేదానివా?"

"ఎప్పుడైనా మానెయ్యమన్నావా?"

తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఉగాది నుంచి నా భూమి కౌలుకి ఇస్తానని పక్క రైతుకి మాటిచ్చేశాడు. నేనే విసుగెత్తి ఇచ్చేస్తాననుకున్నాడు. కడ్డీ సంగతి కొత్తపేట మేస్త్రి మొదటిరోజే కనిపెట్టి తనకి ఫోన్ చేస్తే, అక్కకి చెప్పొద్దన్నాడు.

భూమి కోసం పోట్లాడి ఉంటే తట్టుకునేదాన్ని. అన్నింటిలో ఒక్కటే అడగగలిగాను.

"టైర్లు చూడమని ఎందుకన్నావు?"

"నువ్వు అంతసేపు చెబుతుంటే ఏదో ఒకటి అనాలి కదక్కా."

ఆ రోజే పక్క రైతు ఇంటికి వెళ్లి భూమి కౌలుకి లేదని చెప్పాను. జీపు మా వీధిలోకి తెచ్చి టార్పాలిన్ కప్పాను. ఆ వేసవంతా ఒక్క రోజు కూడా మొరాయించలేదు. గెలలన్నీ రావులపాలెం మార్కెట్టుకి చేరాయి. తమ్ముడు అప్పుడప్పుడూ వచ్చి కూర్చునేవాడు. కాఫీ ఇచ్చేదాన్ని. వాడు చెప్పే ప్రతి మాటా, కరెంటు పోతుందన్నది కూడా, ఇంకొకరిని అడిగి తెలుసుకునేదాన్ని.

ఆషాఢంలో ఒక పొద్దున్న వాడు ఫోన్ చేశాడు. "బ్యారేజీ గేట్లు ఎత్తేరంట అక్కా. సాయంత్రానికి పాయలో నీళ్లు నిండిపోతాయంట. లంకలో నీళ్లు తోడే మోటారు తెచ్చేసుకో. కావాలంటే నేనెళ్లి తెస్తాను."

సరేనని పెట్టేశాను. నా చేలోకి తను వెళ్లడం ఎందుకు అనుకున్నాను. లంకలో ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకరు ఎత్తలేదు. రెండోవారు ఇంకా ఏమీ వినలేదన్నారు. అన్నం తిని, నా కళ్లతో చూసుకుందామని రేవుకి బయల్దేరాను.

నేను వెళ్లేసరికి ఇసక మీదకి ఎర్రనీళ్లు వచ్చేశాయి. రెండు పెట్టెలూ 'లో'లో వేసి పాయలోకి దిగాను. మధ్యకి వచ్చేసరికి నీళ్లు ఇరుసులు దాటాయి. ఇంక ముందుకి పోవడానికి లేక వెనక్కి తిప్పాను. అవతలి ఒడ్డు కింద పల్లంలో ఉన్న మోటారు షెడ్డు కప్పు మాత్రమే కనిపిస్తోంది.

గట్టు మీద తమ్ముడు నిలబడి ఉన్నాడు. చేతిలో మోటారు విప్పే స్పానర్లు, మోకు ఉన్నాయి. నా కోసం ఎంతసేపటినుంచి చూస్తున్నాడో తెలియదు.

"పొద్దున్నే చెప్పేను కదక్కా," అన్నాడు.

"చెప్పావు. నేను నమ్మలేదు," అన్నాను.