విశ్వకర్మ పూజనాడు ఆరు కత్తులు

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకదేమోనన్నది ఒక భయమైతే, దొరికింది ఎప్పుడు ఊడుతుందోనన్నది ఇంకో భయం. మొదటి దానికి మందుంది, రెండో దానికి లేదు. డెబ్భైల చివర్లో, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, జంషెడ్‌పూర్‌లో ఒక ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. చేరాను అనడం కూడా కాస్త గొప్పకే. పురిటి సెలవు మీద వెళ్ళినావిడ కుర్చీలో ఆవిడ వచ్చేదాకా కూర్చోమన్నారంతే. నేను ఆ కుర్చీలో అంచున కూర్చునేదాన్ని (వెనక్కి ఆనుకుంటే ఎవరైనా చూసి ఏమైనా అనుకుంటారేమోనని). సాయంత్రం బారిడీహ్‌లోని మా క్వార్టరుకి రాగానే "ఈయేళ కూడా ఎవులూ ఏటీ అన్లేదే అమ్మా" అని చెప్పేదాన్ని. చేసిన తప్పేమిటో నాకే తెలియదు గానీ, దాన్ని ఎవరో ఒకరు తప్పకుండా కనిపెట్టేస్తారని మాత్రం గట్టి నమ్మకం.

మా హెడ్మిస్ట్రెస్ మెడలో ఎప్పుడూ విజిలు వేలాడుతుండేది కనుక చాటుగా అందరం ఆవిణ్ణి విజిల్ దీదీ అనేవాళ్ళం. ఒకనాడు ఆవిడ నన్ను పిలిచి, "తుమ్హారే పితాజీ టూల్ రూమ్ మే హై న?" అని అడిగింది. మా నాన్న కంపెనీలో టూల్ రూములో గ్రైండరు. పనిముట్లకి పదును పెట్టడమే ఆయన పని. అవునన్నాను. ఆ ఒక్క మాటతో కత్తుల విషయంలో నేను పండితురాలినని ఆవిడ తీర్మానించేసింది. తొమ్మిదో తరగతి పిల్లల్ని రెండ్రోజులు దల్మా కొండ కింద క్యాంపుకి తీసుకెళ్తున్నాం, కర్రలు చెక్కడానికి, తాళ్ళు కోయడానికి ఆరు కత్తులు కావాలి. మడిచే చాకులు వద్దు, అవి వేళ్ళ మీద మూసుకుంటాయి. పిడికి బిగించి, ఒరలో పెట్టుకునేవి కావాలి. ఇదంతా చెప్పి ఆఖర్న, "క్యాంప్ ఠీక్ సే హో జాయే, ఫిర్ తుమ్హారీ నౌక్రీ కా దేఖేంగే" అంది. సెలవు మీద ఉన్నావిడ తిరిగి రావడం లేదని అప్పటికే బళ్ళో గుసగుసలు. క్యాంపు బాగా జరిగితే నా ఉద్యోగం సంగతి చూస్తారన్నమాట. జరగకపోయినా చూస్తారని నాకు అర్థమైంది.

ఆ మర్నాడే సాక్చీ బజారుకి వెళ్ళి ఆరు కత్తులు కొనేశాను. అబ్బ, ఎంత బాగున్నాయో! అద్దంలా మెరుస్తున్నాయి, పిడి చివర గద్ద తల, ఒరకి ఎర్ర కుచ్చు. కత్తి అంటే నాకు అప్పటికి తెలిసింది అమ్మ కత్తిపీట ఒక్కటే కనుక, దానికంటే ఇవి చాలా గొప్పవని అనిపించింది. ఇంటికొచ్చాక మాత్రం నాన్నకి చూపించడానికి ధైర్యం చాల్లేదు. ఆయన రోజూ ఇనుముతో మాట్లాడే మనిషి, ఏమంటాడో ఏమో! పెట్టెలో చీరల కింద దాచేశాను. అలా పదిహేను రోజులు దాచాను. నా జీవితంలో చేసిన తెలివితక్కువ పనుల జాబితా ఎవరైనా రాస్తే, ఈ పదిహేను రోజులకి అందులో మంచి చోటే దొరుకుతుంది.

చివరికి మా తమ్ముడు పెట్టె గెలికి ఒకటి బయటికి లాగి, ఇల్లంతా వినబడేలా "దీదీ, యే తో నాటక్ వాలా చాకూ హై!" అని నవ్వాడు, నాటకాల్లో ఊపే కత్తట. నాన్న చేతిలోకి తీసుకున్నాడు. గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత గద్ద తలని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పాడు. తల ఊడి ఆయన అరచేతిలోకి వచ్చింది. దాని వెనకే పిడి కూడా వచ్చింది. లోపల చూస్తే పిడిలోకి దిగే కత్తి తోక చిటికెన వేలంత కూడా లేదు.

"ఇది కత్తి కాదే గుంటా, మెరిసే గరిటి" అన్నాడు నాన్న. "కర్ర మీద నాలుగు దెబ్బలేత్తే పిడి నీ సేతిలో ఉంతాది, కత్తి ఎదురుగా ఉన్న పిల్ల మీదికి ఎగిరిపోతాది. కత్తి కొన్నప్పుడు మెరుపు సూడకూడదు, తోక సూడాల. తోక పిడి సివరిదాకా రావాల. ఎన్నాళ్ళయినాది కొని?"

"పదేను రోజులు" అన్నాను, నేల చూస్తూ.

నాన్న ఊడిన గద్ద తలని తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. అదే ఆయన తిట్టు.

ఆ సాయంత్రమే నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బిర్సానగర్‌లో ఒక కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన పాత లారీ కమాను పట్టీలతో కత్తులు చేస్తాడట. ఐదు రోజుల్లో ఇస్తానని తలూపాడు. ఇచ్చాడు కూడా. నల్లగా, బండగా, రెండు రివెట్లు కొట్టిన కర్ర పిడితో ఆరు కత్తులు, ఆరు తోలు ఒరలు. అందం అన్న మాట వాటి దరిదాపుల్లో లేదు. వేలితో తడిమి చూస్తే అంచు అట్టముక్కంత మందం ఉంది. "ధార్?" అని పదును గురించి అడిగాను. "పూజా కే బాద్" అన్నాడు తాపీగా, పనిముట్లు కడుక్కుంటూ. పదును పూజయ్యాకేనట. అప్పుడు వెలిగింది నాకు. తెల్లారితే విశ్వకర్మ పూజ. ఆ మర్నాడు పొద్దున్నే ఐదింటికి క్యాంపు బస్సు. నాన్న చూస్తే ఆ సాయంత్రం బి షిఫ్టులో ఉన్నాడు, రాత్రి బాగా పొద్దుపోతే గానీ ఇంటికి రాడు.

జంషెడ్‌పూర్‌లో విశ్వకర్మ పూజ అంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. ఆ రోజు ఊళ్ళో పనిముట్లన్నీ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, బంతిపూలు వేసుకుని పడుకుంటాయి. వాటిని ఎవరూ లేపరు. సుత్తి పట్టుకోరు, ఆకురాయి పట్టుకోరు, సాన తిప్పరు. ముట్టుకుంటే ఏడాదంతా ఆ పని చేతికి అచ్చిరాదని భయం. మా ఇంట్లో అమ్మ కత్తిపీటక్కూడా బొట్టు పెట్టి, కూరలు ముందురోజే తరిగేసుకునేది. దేశమంతటికీ ఉక్కు పంపే ఊరు మాది. ఆ ఒక్క రోజు మాత్రం ఊరంతా గాలించినా ఒక్క కత్తికి పదును పెట్టే మనిషి దొరకడు. నాకు సరిగ్గా ఆ రోజే కావలసి వచ్చింది.

పొద్దున్న కంపెనీలో పూజ చూసుకుని, ప్రసాదం పొట్లంతో మధ్యాహ్నానికి నాన్న ఇంటికొచ్చాడు. పెరటి గట్టు మీద ఆరు కత్తులూ వరసగా పెట్టి ఉంచాను. చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"సంపేసినావు గదే! ఈయేళ నాను ముట్నేను."

"మరి నా ఉద్యోగం?" అన్నాను. ఏడుపు గొంతులోనే ఉంది. ఇంకాసేపటికి గొంతులో కూడా లేదు, బయటికొచ్చేసింది. మొద్దు కత్తులతో రేపు విజిల్ దీదీ ముందు నిలబడితే నెలాఖరుకి నేను ఇంట్లో ఉంటాను. అదంతా ఏడుస్తూనే చెప్పాను.

నాన్న పెరట్లోనే కుర్చీ వేసుకుని తల పట్టుకున్నాడు. వీధి చివర పందిట్లో మైకు హోరెత్తిపోతోంది. ఉన్నట్టుండి తలెత్తి, "నీ పనిముట్టేటి?" అన్నాడు.

"నాకేం పనిముట్టు?"

"బడిలో సేత్తో ఏటి పట్టుకుంతావు?"

"సుద్దముక్క."

"ఎళ్ళి దానికి బొట్టెట్టు. ఈయేళ అది ముట్టుకోకు. కత్తి నా పనిముట్టు, నీది కాదు. నువ్వు నూరుకోవచ్చు. నాను నోటితో సెప్తాను." ఈ తీర్పు ఏ శాస్త్రంలో ఉందో నాకు ఈనాటికీ తెలియదు. నేను మాత్రం పరుగున వెళ్ళి సంచిలోంచి సుద్దముక్క తీసి బొట్టు పెట్టాను. ఇంతలో ఇంకో చిక్కు. నాన్న కత్తులు నూరే నూనెరాయి ఆయన పనిముట్టు, బొట్టుతో దేవుడి పటం కింద ఉంది. దాన్ని తీయకూడదు. మరి దేని మీద నూరాలి? నాన్న కళ్ళు ఇల్లంతా తిరిగి పెరట్లో బట్టలుతికే బండ మీద ఆగాయి. అక్కణ్ణించి వంటింట్లో ఊరగాయ జాడీ మీదికి వెళ్ళాయి.

"ఆ జాడీ అడుగు సూడు. అంతా నున్నగా ఉంతాది, అడుగున అంచు మాత్రం గరుగ్గా ఉంతాది. దానికి మించిన సాన నేదు. ముందర బండ మీద, తర్వాత జాడీ మీద, ఆఖర్న నా పాత బెల్టు మీద."

"ఓలమ్మో, నా ఆవకాయ జాడీ!" అని అమ్మ అడ్డం పడింది. ఆ జాడీ ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. ఊరగాయంతా గిన్నెల్లోకి తీసి, జాడీని కడిగి, తలకిందులుగా గట్టు మీద పెట్టి, అది జారకుండా రెండు చేతులతో పట్టుకుని ఆవిడే కూర్చుంది. నా ఉద్యోగం కంటే జాడీ గురించే ఆవిడకి ఎక్కువ భయంగా ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

మొదలుపెట్టాను. నాన్న కుర్చీలో, తొడల కింద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అలా పెట్టుకోకపోతే అవి వాటంతటవే కత్తి మీదికి వచ్చేస్తున్నాయి (రెండుసార్లు వచ్చాయి, రెండుసార్లూ అమ్మ "ఓలయ్యా, సెయ్యి!" అని కేకేసింది). కత్తి వీపు బండకి చిటికెన వేలు దూరేంత ఎత్తులో ఉండాలి. అంచు ముందుకి తోయాలి, బండ మీంచి పల్చటి పొర తీస్తున్నట్టు. రెండో కత్తికొచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఎత్తేసినావు. ఎత్తు ఎక్కువైపోనాది."

"నువ్వు చూడట్లేదు కదా!"

"సూడక్కర్నేదు, ఇనబడతంది. దించు. మరీ దించకు, ఇది మంగలి కత్తి కాదు. అడివిలో కర్ర కొట్టాల, పల్సన సేత్తే అంచు పెచ్చులూడిపోతాది."

ఒకవైపు నూరగా నూరగా రెండోవైపు అంచున సన్నటి గరుకు వేలికి తగలాలట. అది తగిలేదాకా పక్క మార్చకూడదు. నేను మాటిమాటికీ మార్చేస్తున్నాను. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "అయినాదో నేదో నన్నడక్కు, నీ యేలిని అడుగు" అన్నాడంతే. మూడో కత్తికి అరచేతిలో బొబ్బ లేచింది. నాలుగోది నూరుతుంటే నాకే తేడా వినబడడం మొదలైంది. ఆరోది బెల్టు మీద రుద్దే సమయానికి దీపాలు పెట్టేవేళ అయింది. ముందురోజు పేపరు అంచుకి కత్తి ఆనించి లాగితే చప్పుడు లేకుండా తెగింది. నాన్న చూసి తల తిప్పేసుకున్నాడు. ముట్టుకోకుండా పదును చెప్పకూడదట.

మర్నాడు పొద్దున్న బస్సు దగ్గరికి నన్ను దింపడానికి వచ్చాడు. పూజ రోజు దాటిపోయింది కదా, "ఇలా తే" అని సంచి తీసుకున్నాడు. అప్పుడు చూశాను, ఆయన చొక్కా జేబు బరువుగా కిందికి వేలాడుతోంది. అందులో నూనెరాయి ఉంది. నేను పాడుచేసినవన్నీ బస్సు కదిలేలోపు బాగుచేద్దామని తెచ్చుకున్నాడన్నమాట. ఒక్కొక్క కత్తీ ఒరలోంచి తీసి బొటనవేలి గోటి మీద ఆనిస్తున్నాడు. విజిల్ దీదీ బస్సు మెట్టు మీద నిలబడి విజిలు ఊదుతోంది. ఆవిడ విజిలు నాకు వినబడడం లేదు. ఒకటి, రెండు, మూడు. ఆరూ చూశాడు. జేబులోని రాయి జేబులోనే ఉండిపోయింది. "ఎక్కు, బస్సెళ్ళిపోతాది" అన్నాడు. కిటికీ పక్కన కూర్చున్నాక చూస్తే నాకు కళ్ళు కనబడడం లేదు.

క్యాంపులో మొదటి మధ్యాహ్నమే వాన దంచికొట్టింది. కట్టెలన్నీ తడిసిపోయాయి. పొయ్యి వెలగదు, నలభై మంది పిల్లలకి ఆకలి. విజిల్ దీదీ పిల్లల చేత తడి బెరడు చెక్కించి, లోపలి పొడి కర్రని సన్నటి రేకులుగా తీయించింది. కత్తులు సవ్వడి లేకుండా చెక్కుకుపోతున్నాయి. నాకేమో ఏ పిల్ల వేలు తెగుతుందోనని కొత్త భయం పట్టుకుంది. మొద్దుగా ఉంటాయేమోనని ఏడ్చిన మనిషిని, ఇప్పుడు ఇంత పదునెందుకు పెట్టానా అని వణికాను. ఎవరి వేలూ తెగలేదు. మూడోసారికి మంట పట్టుకుంది, కిచిడీ అడుగంటింది, అందరూ తిన్నారు.

దసరా పూజ సెలవులయ్యాక విజిల్ దీదీ నన్ను పిలిచి కాగితం చేతిలో పెట్టింది. పర్మనెంటు. "తుమ్ డర్తీ బహుత్ హో" అంది, "లేకిన్ కామ్ అచ్ఛా కర్తీ హో." భయపడడం ఎక్కువే గానీ పని బాగా చేస్తానట. ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి, అటువైపు ఏమీ లేదని కూడా చూసుకున్నాడు. మడిచి నా చేతికిచ్చి అడిగాడు.

"మరి ఆ కత్తులకి నూనె రాసి ఎట్టినావా?"

రాయలేదు. వానలో తడిసిన కత్తుల్ని అలాగే తోలు ఒరల్లో దోపి, స్టోరు గదిలో పెట్టెలో పడేసి మూడు వారాలైంది. నా మొహం చూసి నాన్నకి అర్థమైపోయింది. లోపలికెళ్ళి, కుట్టుమిషను నూనె డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు.

ఆ తర్వాత ఆ బళ్ళో ముప్ఫై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పాను. నాన్న ఇప్పుడు లేడు. నూనె డబ్బాతో బడికెళ్ళిన ఆ మర్నాటి పొద్దున్న మాత్రం తలుచుకుంటే నవ్వే వస్తుంది. పర్మనెంటు టీచరుగా మొదటి రోజు, బడిగంట కొట్టినా వినిపించుకోకుండా స్టోరు గదిలో నేల మీద కూర్చుని, చీరంతా నల్లగా చేసుకుని, ఎవరైనా చూస్తే ఉద్యోగం పోతుందని వణుకుతూ, బూడిదతో కత్తుల తుప్పు వదిలిస్తున్న ఇరవై రెండేళ్ళ పిల్ల. పక్కన కూర్చుని, భయపడకే, ఏమీ కాదు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. ఇంకా రెండు కత్తులు మిగిలున్నాయి దానికి.