మిరపకాయ హజ్రత్ కోపం

ఎదురుగా ఉంటే అందరూ ఆయన్ని హజ్రత్ అనేవాళ్లు. వెనక మాత్రం మిరపకాయ. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "పోనీలే, వంటింట్లో పనికొచ్చే వస్తువు పేరే పెట్టారు. మీ మసీదు కమిటీ వాళ్లకి ఏం పేరు పెట్టాలో నాకే ఇంకా తట్టలేదు" అనేవాడు.

జీవితమంతా మసీదులో ఇమాంగా ముందు నిలబడి నమాజు చదివించిన మనిషి. వయసు మీదపడి ఆ పని మానుకున్నాక, ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుంటే ఎవరు కాదన్నారు? కూర్చుంటేగా! పాత స్కూటరేసుకుని మసీదు మసీదూ తిరిగేవాడు. నమాజు కోసం కాదు, అక్కడి ఇమాం కోసం. గదిలోకెళ్లి, సలాం చెప్పి, మంచం మీద కూర్చుని, ముందుగా నిద్ర పడుతోందా అని అడిగేవాడు. పడుతోందంటే నమ్మేవాడు కాదు.

దానికో కారణం ఉంది. భార్య పోయిన రోజు జనాజా నమాజు ఆయనే చదివించాడు. ఆయన కాకపోతే ఇంకెవరున్నారు గనక? మట్టిచేసి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపే గుమ్మంలో ఓ మొగుడూ పెళ్లాం ప్రత్యక్షం. విడిపోతారట, మాట్లాడి తేల్చాలట. తేల్చాడు. వాళ్లిద్దరూ రాజీపడి నవ్వుకుంటూ పోయారు. మీరెలా ఉన్నారు హజ్రత్ అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఊళ్లో ఏడుపంతా తెచ్చి ఇమాం చెవిలో పోస్తారు. ఆ ఇమాం తన ఏడుపు ఎక్కడికి పట్టుకెళ్లాలో మాత్రం ఎవడికీ పట్టదు. ఆ రోజు రగిలిన కడుపు మరి చల్లారలేదు.

అందుకే ప్రతి సోమవారం తన ఇంటి ముందుగదిలో ఇమాములందర్నీ పోగేసేవాడు. తలుపు వేసుకుని మాట్లాడుకునేవాళ్లు. ఉపన్యాసాలు నిషేధం. ఎవడైనా నోరు జారి సలహా ఇచ్చాడంటే ఆ పూట టీ వాడే పెట్టాలి. ఒకాయనైతే అలవాటు మానుకోలేక ఎప్పుడొచ్చినా స్టవ్వు దగ్గరే ఉండేవాడు. చావుబతుకుల్లో ఉన్నవాడి మంచం పక్కన ఏం మాట్లాడకూడదో చెప్పడానికి ఆస్పత్రి నర్సమ్మను పిలిపించేవాడు. మరీ కుంగిపోయినవాళ్లని స్కూటరు వెనకెక్కించుకుని మనసు డాక్టరమ్మ దగ్గరికి తనే తీసుకెళ్లేవాడు. ఇమాంకి మనసు డాక్టరేంటని ఎవరైనా ముక్కున వేలేసుకుంటే ఊరుకునేవాడు కాదు. "మీ ఇమాంకి పన్ను పోటొస్తే పళ్ల డాక్టరు దగ్గరికి పంపుతారా, దవడ పట్టుకుని దువా చేసుకోమంటారా?" అని దులిపేసేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఫోనొచ్చింది. మెకానిక్ షెడ్ల వెనకున్న మసీదు ఇమాం భార్య. చిన్నపిల్ల.

"బాబాయ్, ఆయన్ని తీసేస్తారట. ఇవాళ మధ్యాహ్నం నమాజయ్యాక కమిటీ కూర్చుంటోంది."

"ఏం చేశాడమ్మా?"

"ఏం చెయ్యలేదు బాబాయ్. శుక్రవారం నమాజులో చదువుతూ చదువుతూ ఆగిపోయారంతే."

ఎందుకు ఆగిపోయాడో హజ్రత్‌కి తెలుసు. ఆ పేటలో ఆమధ్య కుట్టు ఫ్యాక్టరీ కాలిపోయింది. చనిపోయిన మగవాళ్లకి స్నానం చేయించడానికి ఎవరూ ముందుకి రాలేదు. ఆ కుర్ర ఇమామే అందరికీ చేయించాడు. వాళ్లలో తల్లితో పాటు పనిలోకెళ్లిన చిన్నపిల్లాడు కూడా ఉన్నాడు. అప్పట్నుంచీ అతను సోమవారాలకి రావడం మానేశాడు. వెళ్లి అడిగితే అల్లా దయ అని ముక్తసరిగా తేల్చేసేవాడు.

మధ్యాహ్నానికి హజ్రత్ కమిటీ గదిలో ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. కుర్చీ లాక్కుని తనే కూర్చున్నాడు. కమిటీ పెద్ద సిమెంటు వ్యాపారి, ఖురానంతా కంఠతా వచ్చినవాడు.

తెలియనివాళ్ల కోసం ఇక్కడో మాట చెప్పాలి. నమాజులో ఇమాం ఎక్కడైనా మర్చిపోయి ఆగితే, వెనకున్నవాళ్లు ఆ మాట అందించాలి. తప్పు పట్టడం కాదది, సాయం. కంఠతా వచ్చినవాణ్ని సరిగ్గా ఇమాం వెనకే నిలబెట్టేది అందుకే. ఆ మసీదులో ఆ చోటు ఈ సిమెంటాయనది.

"మాకేం కక్ష లేదు హజ్రత్" అన్నాడు ఆయన. "ఇమామే డీలా పడితే జనానికి ధైర్యం ఎవరు చెప్తారు? నిండు మసీదులో నోరు పెగల్లేదు ఆయనకి."

"నువ్వెక్కడున్నావప్పుడు?"

"ఎక్కడుంటాను? వెనకే."

"ఆ వాక్యం నీకు రాదా?"

"రాకపోవడమేంటి! నిద్రలో లేపినా చెప్తాను."

"మరి అందించలేదేం?"

"కావాలనే ఊరుకున్నాను. ఎన్నిసార్లని అందిస్తాం? ఈయన సంగతేంటో జనానికీ తెలియాలిగా."

హజ్రత్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కావాలనా! ఒక మనిషి ముందు నిలబడి మాట కోసం కొట్టుకుంటుంటే, మాట నోట్లో పెట్టుకుని తమాషా చూశావా? అల్లా ముందు నిలబడి? నీ నోరు పడిపోలేదు, నీకు జబ్బు లేదు, నువ్వు శవాన్ని తాకలేదు. ఫ్యాక్టరీ కాలిన రోజు ఎక్కడున్నావయ్యా నువ్వు? మీరంతా ఎక్కడున్నారు? మీ చేతులకి మసి అంటకూడదని ఆ కుర్రాడొక్కడి చేతులూ నల్లబడనిచ్చారు. ఇప్పుడవి వణుకుతున్నాయని బయటికి గెంటుతారా? సిగ్గులేదూ?"

సిమెంటాయన నీళ్లు నమిలాడు. చివరికి మూలనున్న దర్జీ తలెత్తకుండానే అన్నాడు, "సెలవిద్దాం. జీతం ఆపొద్దు. డాక్టరుకి చూపిద్దాం." మిగతావాళ్లు తలలూపారు. పెద్ద కూడా ఊపాడు, మెడ పట్టేసినవాడిలా.

గెలిచానన్న హుషారులో హజ్రత్ మోకాళ్ల నొప్పులు కూడా మర్చిపోయి మెట్లెక్కాడు. పైన గదిలో ఇమాం భార్య గిన్నెలు సంచిలో సర్దుతోంది. ఇమాం పరుపు చుట్టి తాడు కడుతున్నాడు.

"ఆపండర్రా, ఒప్పుకున్నారు!" అన్నాడు హజ్రత్. "సెలవిస్తున్నారు. నీ చోటు నీదే."

ఇమాం తాడు వదల్లేదు.

"వెనకున్న పెద్దాయనకి ఆ వాక్యం వచ్చని నాకు తెలుసు హజ్రత్. ఆగిపోయానే గానీ భయం వెయ్యలేదు, వెనక ఆయనున్నాడుగా అనుకున్నాను. ఆయన గొంతు సవరించుకోవడం కూడా వినిపించింది. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడని చూస్తూనే ఉన్నాను." తాడు ముడి బిగించి లాగాడు. "ఇమాం అందరికీ వీపు పెట్టి నిలబడాలి కదా. ఆయనకి నేనింక వీపు పెట్టలేను."

హజ్రత్‌కి కిందికెళ్లి సిమెంటాయన్ని గల్లా పట్టుకుని లాక్కురావాలనిపించింది. తెచ్చి మాత్రం ఏం లాభం? తిట్టి సెలవిప్పించగలిగాడు, జీతం ఇప్పించగలిగాడు. నమ్మకం ఇప్పించలేకపోయాడు. పళ్లు నూరుకుంటూ పరుపుకి ఆ రెండో వైపు తాడు తనే బిగించాడు.

"మా ఇంటికి పదండి. ముందుగది మీదే. ఏమ్మా, ఆ సంచి ఇలా ఇవ్వు."

ఇల్లు చేరేసరికి సాయంత్రం నమాజు వేళయింది. కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకొచ్చి హజ్రత్ చాప పరిచాడు. కుర్రాడు అలవాటుగా ముందుకి రాబోయి ఆగాడు, వెనక్కెళ్లబోయి మళ్లీ ఆగాడు.

"ముందూ వద్దు, వెనకా వద్దు. ఉన్నది ఇద్దరమే. నా పక్కన నిలబడు."

నిలబడ్డాడు. భుజానికి భుజం తగిలింది. నమాజు సగంలో ఆ భుజం ఏడుపుకి కదిలిపోవడం మొదలైంది. హజ్రత్ తన భుజం పక్కకి తీసుకోలేదు. సలాం చెప్పి ముగించాక కూడా ఇద్దరూ లేవలేదు.

"ఆ పిల్లాడు అసలు బరువే లేడు హజ్రత్" అన్నాడు ఇమాం. "ఒక్క చేత్తో ఎత్తాను."