ఎల్తురు దిక్కు

నా చిన్నప్పుడు సూరత్ పక్కన భేస్తాన్‌లో మా బాపుతో మాట్లాడాలంటే ముందు వెళ్లి ఆయన ఎదురుగా నిలబడాలి. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి సాంచాలు నడిపీ నడిపీ, ఆ మరమగ్గాల మోతకు ఆయన చెవులు పూర్తిగా పోయాయి. పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. చెవులు లేకున్నా ఆ పని సాగేది. కానీ దారం నుసి ఛాతీలోకి దిగింది. సాంచాలు మానకపోతే మనిషి దక్కడని డాక్టరు తేల్చేశాడు.

అప్పుడు పక్కింటి గుజరాతీ కాకా ఒక దారి చూపాడు. రాజస్థాన్‌లో ఒక కొండ మీద నక్షత్రాలు చూసే అబ్జర్వేటరీ ఉందట, అక్కడి వంటింట్లోకి మనిషి కావాలట. గాలి మంచిది, నుసి లేదు. మా అమ్మ వెంటనే కొబ్బరికాయ కొట్టింది. రైల్లో స్టేషన్ల పేర్లు, బస్సువాళ్ల కేకలు విని చెప్పడానికి బాపు నన్ను వెంట తీసుకెళ్లాడు.

రైల్లో నేను కిటికీకి వీపు పెట్టి ఏదో వాగుతుంటే, ఆయన నా గడ్డం పట్టుకుని మెల్లగా బయటివైపు తిప్పాడు.

"మొఖం ఎల్తురు దిక్కు వెట్టు బిడ్డా. గప్పుడు నీ మాట నాకు ఇనవడ్తది."

దారి పొడుగునా అదే మాకు ఆట అయింది. బాపు అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

వంట నచ్చి ఆయన్ను పనిలో పెట్టుకున్నారు. కానీ పొద్దుగూకితే అక్కడ ఒక్క దీపం కూడా ఉంచరు. వెలుగు పడితే టెలిస్కోపు పని పాడవుతుందట. ఆ సంగతి కాకా చెప్పలేదు, మాకూ తట్టలేదు. మొదటి రాత్రే బాపు టెలిస్కోపు గదికి చాయ్ తీసుకెళ్లాడు, వెనకాలే గ్లాసులతో నేను. చీకట్లో పెద్దసారు ఆయన భుజం తట్టి ఏదో అడిగాడు. బాపు మర్యాదగా జేబులోంచి టార్చి తీసి సారు పెదవుల మీద వేశాడు. గదంతా కేకలే. ఆ కేకలు కూడా ఆయనకు వినబడలేదు. "క్యా బోలే సాబ్?" అంటూ టార్చి ఇంకా దగ్గరికి పెట్టాడు.

సారు చెడ్డవాడు కాదు. పొద్దున్నే మాకు టిఫిన్ పెట్టించి, చీకట్లో మాట అందని మనిషికి ఈ కొండ మీద ప్రమాదమని చెప్పాడు. బాపు ఆ మాటలు ఆయన పెదవుల మీదే చదువుకున్నాడు. నేను విని చెప్పాల్సిన పని లేకపోయింది.

రామేశ్వరం పోయినా శనేశ్వరం తప్పలేదంటారు. బాపు మళ్లీ సాంచాల్లోకే వెళ్లాడు. ఎక్కువ కాలం పట్టలేదు, మంచాన పడ్డాడు. ఒక సాయంత్రం ముసురులో కరెంటు పోయింది. "బాపూ, నేనీడనే ఉన్న" అంటున్నాను. ఆయన చూపు నా ముఖం కోసం వెతుకుతోంది. దీపం వెలిగించి నా ముఖం పక్కన పెట్టుకునేసరికి ఆ చూపు ఆగిపోయింది. నేనన్న మాట అందకుండానే ఆయన పోయాడు. ఇన్నేళ్లయినా ఆ బాధకు మందు దొరకలేదు.

ఇప్పటికీ ఫోనులో మాట్లాడాలన్నా లేచి కిటికీ దగ్గరికి వెళ్తాను. ఇల్లంతా సిగ్నల్ ఉంది కదా అమ్మమ్మా అని మా మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. ముఖం మీద వెలుతురు పడందే నాకు నోరు పెగలదు.