చెవికో దారి, పాటకో దారి

ఎల్మీనా రేవు వెనక వీధిలో కోబినా ఎసూమన్‌కు చిన్న రికార్డింగు గది ఉండేది. చర్చి పాటలు, రేడియో ప్రకటనలు, ఏది వచ్చినా కాదనేవాడు కాదు. అతని ప్రాణమంతా ఒక ఇనప్పెట్టె మీదే. గొంతు హెచ్చితే అణిచి, తగ్గితే ఎత్తి, పాటకు నిండుదనం తెచ్చే కంప్రెసర్ అది.

భార్య అరబాది కంప్యూటర్ పక్షం.

“ఆ పెట్టెలోంచి పోయి రికార్డయిన గొంతు ఉప్పెక్కువైన పులుసేనయ్యా, మళ్ళీ బాగుచెయ్యలేం. ఉన్నదున్నట్టు పట్టు. ముస్తాబు తర్వాత కంప్యూటర్లో చేసుకుందాం,” అనేది.

“నీ కంప్యూటర్ ముస్తాబు చేస్తే మనిషి గొంతులో నెత్తురుండదే,” అనేవాడు అతను.

అలాంటి రోజుల్లో, ఊరంతా ‘మామె’, అంటే అమ్మా, అని పిలిచే తచీవా వచ్చింది. చేపలు పొగబెట్టి అమ్మే మనిషి. చర్చిలో పాస్టరు ప్రసంగం చప్పబడుతుంటే మధ్యలో లేచి పాట ఎత్తుకునేది ఆమే. ఆమె పాడితే గానీ జనానికి ఆదివారం అనిపించదు. ఇప్పుడు గొంతులో పుండు. ఆపరేషనయ్యాక మాట ఉండదని డాక్టరు చెప్పేశాడు.

“పోయేలోపు దీన్నొక చోట దాచిపెట్టు నాయనా,” అంది గొంతు తడుముకుంటూ.

మళ్ళీ పాడించే వీలు లేని పాట. పెట్టెను ఏమాత్రం తప్పుగా తిప్పినా అంతే సంగతులు. ఆ భయంతో కోబినా మొదటిసారి భార్య మాట విన్నాడు. ఆమె పాడుతుండగానే గొంతును కంప్యూటర్లో ముస్తాబు చేసి హెడ్‌ఫోన్లలో వినిపించారు. కానీ అది చెవికి చేరేసరికి రవ్వంత ఆలస్యమవుతోంది.

“ఎవత్తిరా అది, నా వెనకే వెక్కిరిస్తోంది?” అని ఆపేసింది మామె.

ముస్తాబు తీసేసి ఉత్త గొంతు వినిపించారు. ఆలస్యం పోయింది గానీ, ఆమె మొహం పాలిపోయింది.

“ఇదా నా గొంతు? ఇంత చిక్కిపోయిందా?” అంటూ హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. వెళ్ళడానికి లేచింది.

అరబా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మొగుడివైపు తిరిగింది.

“నీ పెట్టెని ఆవిడ చెవికి తగిలించరాదూ? పాటను మాత్రం నాకు పచ్చిగా వదిలెయ్.”

కోబినా మైకు తీగను రెండుగా చీల్చాడు. ఒకటి పెట్టెలోంచి మామె చెవికి, ఒకటి తిన్నగా కంప్యూటర్‌కి. పెట్టెలో ఆలస్యమనేది లేదు. తన గొంతు నిండుగా, వెచ్చగా వినబడేసరికి మామె కళ్ళు మూసుకుంది. మెల్లగా భుజాలు ఊగాయి. పాట లేచింది. మధ్యలో దగ్గొస్తే ఆగి, నవ్వి, మళ్ళీ అందుకుంది. కోబినా పెట్టె మీద వేలు కదుపుతూనే ఉన్నాడు, పసిబిడ్డను జోకొట్టినట్టు.

ఆపరేషనయ్యాక మామె మెడకు గుడ్డ కట్టుకుని వచ్చింది. అరబా ఆ పాటను రకరకాలుగా వినిపించింది. దగ్గు తీసేసిన పాట వినిపిస్తే, ఒద్దని మామె చెయ్యి అడ్డంగా ఊపింది. పెద్ద చర్చిలో పాడినట్టు గంభీరంగా మారుమోగేలా చేసిన పాట వినగానే మొహం విచ్చుకుంది. ఇంకా పెంచమని వేలు పైకి చూపింది.

“మరీ ఎక్కువవుతుందేమో మామె,” అని నసిగాడు కోబినా.

ఆమె తన గుండెమీద తట్టి చూపింది. పాట నాదిరా అన్నట్టు.

“పెంచుతాలే మామె. నచ్చకపోతే రేపు తగ్గిద్దాం,” అంది అరబా.

పాట గదంతా నిండింది. తచీవా తన గొంతుతోపాటు పెదవులు కదుపుతూ, కోబినా చెయ్యి లాగి తనతో తాళం వేయించింది.