మిరప కల్లంలో మొదటి షాట్

డిగ్రీ అయ్యాక నరసరావుపేటలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే పనికి కుదిరాను. యజమాని మా వీధిలోనే ఉండే ముస్లిం పెద్దాయన. చిన్నప్పటి నుంచీ ఆయన్ని మామూ అనే పిలిచేదాన్ని. పొద్దున్నే షట్టర్ ఎత్తిన చప్పుడు, అల్లం టీ వాసన, కంప్యూటర్ తెర మీద వరసగా వచ్చే పెళ్ళికూతుళ్ళ ముఖాలు... ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు అక్కడే కూర్చుంటుంది.

ఒకసారి గురజాలలో నిఖా. ఆడవాళ్ళ గదిలోకి మగ కెమెరామెన్ వెళ్ళడానికి లేదు. మామూ కెమెరా తెచ్చి నా మెడలో వేశాడు.

"నాకు రాదు మామూ."

"రెండేళ్ళ నుంచి మావాళ్ళు తీసినదాంట్లో తప్పులు పడతన్నావుగా. తప్పు పట్టటం వచ్చినదానివి, తీయటం రాదా?"

లోపల పెళ్ళికూతురి తల్లి ఒక మూల కూర్చుని కూతురి పాత చున్నీ మడతపెడుతోంది. విప్పి మళ్ళీ మడతపెడుతోంది. నేను ఆవిణ్ణి ఇటు చూడమనలేదు. కెమెరా కదపకుండా చాలాసేపు నిలబడ్డాను.

మర్నాడు ఆ ముక్క చూసి మామూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది పెళ్ళి వీడియో కాదమ్మా, సినిమా. ఒక కథ రాసుకో. ఆదివారాలు కెమెరా నీదే" అన్నాడు.

రాసుకున్నాను. మిరప కల్లంలో కాయలు ఏరే తల్లి, బడి మానేస్తానన్న కూతురు. పెదకూరపాడు దగ్గర కల్లంలో పనిచేసే ఒకావిడ తల్లిగా చేయడానికి ఒప్పుకుంది. పిన్నీ అని పిలిచాను. మిరప ఘాటుకి అందరం తుమ్ముతూనే ఉన్నాం. నేను "యాక్షన్" అనాలి. మా నాన్న బడిపంతులు. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదనేవాడు. మూడుసార్లు గొణిగాను, ఎవరికీ వినపడలేదు.

పిన్ని గంప పక్కన పెట్టింది. "ఏందమ్మాయ్, నీలో నువ్వే చెప్పుకుంటే మాకెట్టా తెలుసుద్ది? ఈడ ఇరవైమందిని కేకేసి పని చేయించేది నేనే. నా గొంతేమన్నా బాగుంటదా? బాగుండక్కర్లా, వినపడాల. కేకెయ్యి!"

కేకేశాను. పక్క కల్లంలోవాళ్ళు కూడా తలెత్తి చూశారు. అందరూ పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాతి కేకకి ఎవరూ నవ్వలేదు. షాట్ వచ్చింది.

పన్నెండు నిమిషాల ఆ సినిమాను ఒక ఆదివారం సాయంత్రం మా చర్చి వెనక హాల్లో తెల్లదుప్పటి కట్టి చూపించాం. నాన్న చివరి వరసలో నిలబడి చూశాడు. ఇంటికొస్తుంటే అడిగాడు.

"కూతురు బడి మానేస్తానంటే ఆ తల్లి ఏమీ మాట్లాడలేదేం?"

"మాట్లాడితే ఏడుపొచ్చుద్దని, నాన్నా."

మా వీధి మలుపులో ఆగి, "బాగా తీశావు" అన్నాడు. ఆ మాటతో హైదరాబాదు వెళ్ళడానికి నాకు ధైర్యం వచ్చింది.

ఇప్పటికి రెండు సినిమాలకు దర్శకత్వం వహించాను. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతుంటారు. నరసరావుపేటలో అంటే, జోక్ చేస్తున్నాననుకుంటారు.